పందికొక్కు కడుపులో చెరువు

సావనీరు సంపాదకుడు మా డిపార్టుమెంటుకు వచ్చి, "నువ్వు జువాలజీ వాడివి గదా, అందరికీ అర్థమయ్యేలా ఒక సైన్సు వ్యాసం రాసియ్యి" అన్నాడు. పొలం ఎలుకల ఒంట్లో బతికే పురుగుల గురించి రాస్తానన్నాను. అతను మొహం అదోలా పెట్టి, "యూనియన్ డే నాడు భోజనాలయ్యాక చదువుకునే పుస్తకం రా ఇది" అన్నాడు. మిత్రుని అభ్యంతరం న్యాయమైనదే. అయినా రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో చెప్పాలంటే ముందు మా చిన్నాయన సంగతి చెప్పాలి.

మాది అల్వాల్. చిన్నాయన మాత్రం ఊరు వదల్లేదు. శామీర్‌పేట అవతల ఒక చెరువు కింద రెండెకరాల మడి చేసుకుంటాడు. నేను డిగ్రీ రెండో ఏట వుండగా వానాకాలం నాట్లప్పుడు ఆయనకు ఉన్నట్టుండి చలీ జ్వరం పట్టుకుంది. తలనొప్పి, కళ్లు చింతనిప్పులు, పిక్కలు ముట్టుకుంటే అరుపు. నాట్లలో వంగి వంగి ఒళ్లు నొప్పులనుకున్నాం. అయిదో నాటికి కళ్లు పచ్చబడ్డాయి. "పసిరికలు రా, పసరు పోయించుకుంటే పోతయ్" అని పక్క ఊరికి తీసుకుపోయారు. అట్లా మరి నాలుగు రోజులు గడిచాయి. మూత్రం ఆగిపోయే దశకు వచ్చాక గాని పట్నం తేలేదు. మొదట చూపించిన ఆస్పత్రిలో కూడా లివర్ పరీక్షలే చేయించారు గాని, నువ్వేం పని చేస్తావని ఎవరూ అడగలేదు. రెండో చోట ఒక చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది. "మడిలో దిగుతావా పెద్దాయనా? కాళ్లు పగిలి వున్నాయా? పొలంలో ఎలుకలున్నయా?" చిన్నాయన ఆ నీరసంలో కూడా నవ్వి, "ఎలుకలు లేని మడి ఏడుంటదమ్మా" అన్నాడట.

ఆ ప్రశ్న నా చదువును మార్చింది. ఎమ్మెస్సీలో పారాసైటాలజీ తీసుకున్నది అందుకే.

ఇక అసలు విషయానికి వద్దాం. చిత్తడి నేల అనగానే మనకు కొల్లేరు స్ఫురిస్తుంది, పులికాట్ స్ఫురిస్తుంది. కాని 1971లో ఇరాన్ దేశపు రామ్‌సర్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మనిషి తవ్వుకున్న చెరువూ, దాని కింది వరి మడీ కూడా చిత్తడి నేలలే. ఆ లెక్కన అల్వాల్ చిన్నరాయుని చెరువు, శామీర్‌పేట చెరువు, మేడ్చల్ చెరువు, వాటి తూములు, మత్తళ్లు, కాలువ గట్లు అన్నీ ఆ జాబితాలోకే వస్తాయి. ఈ గట్లలో కాపురముండే వాళ్లలో ముఖ్యులు ఎలుకలు. మెత్తటి బొచ్చు పొలం ఎలుక, బొటనవేలంత చిట్టెలుక, అన్నిటికీ పెత్తందారు పందికొక్కు. ఇంగ్లీషువాళ్ల బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచి పుట్టిందే. వాళ్లు మన దగ్గర్నుంచి పట్టుకుపోయిన వాటిలో తిరిగి ఇమ్మని అడగాలనిపించనిది బహుశా ఇదొక్కటే!

పొలంలో వుండేది చిన్న పందికొక్కు, శాస్త్రనామం బాండికోటా బెంగాలెన్సిస్. మంచి ఈతగత్తె. మడికి నీళ్లు పెట్టినప్పుడు గట్టులోకి చేరుతుంది, నీళ్లు తీసి పైరు పండేటప్పుడు మళ్లీ మడిలోకి దిగుతుంది. బొరియ వాకిట్లో మట్టి కుప్ప, లోపల గదులు, గదుల నిండా కొరికి తెచ్చిన వరి కంకులు. రైతులు బొరియ తవ్వి వడ్లు తిరిగి తీసుకోవడం మన పల్లెల్లో కొత్తేమీ కాదు. ఇక్కడ గమనించవలసింది ఒకటే. ఈ జంతువుకు నీరు, బురద, ధాన్యం, నత్త, పురుగు, మనిషి కాలు అన్నీ ఒక్క గట్టు మీద తగులుతాయి. అందుకే దాని ఒళ్లు ఒక సత్రం.

ఒక జీవి మీదనో లోపలనో వుండి దాని ఖర్చుతో బతికేది పరాన్నజీవి. ఇల్లిచ్చేది అతిథేయి. ఇంతవరకు ఇంటర్ పాఠమే. మన పాఠ్యపుస్తకాలు ఒక్కో పరాన్నజీవిని ఒక్కో అధ్యాయంలో విడివిడిగా చెబుతాయి. బద్దెపురుగు ఒక అధ్యాయం, ఏలికపాము మరొకటి. పరీక్షకు అదే సులువు. కాని పొలంలో పట్టిన ఎలుకను తెరిస్తే అధ్యాయాలన్నీ ఒకేసారి కనబడతాయి. (ఇప్పుడు తరగతి కోసం జంతువును చంపనివ్వరు, మంచిదే. నేను చూసినవి రైతుల బోనుల్లో చచ్చినవి. గ్లౌజులు, మాస్కు, మాస్టారి పర్యవేక్షణ లేకుండా ఎవరూ ఈ పని చేయవద్దని మనవి.)

మొదట బొచ్చు దువ్వితే రాలేవి పేలు, నల్లులు, ఎగిరి దూకే ఫ్లీలు. ఫ్లీ సంగతి ప్రపంచానికి తెలిసిందే. ప్లేగును ఎలుక నుంచి ఎలుకకూ మనిషికీ మోసేది ఆ ఫ్లీయేనని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రయోగం చేసి చూపించాడు. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే ఫ్లీలు దాన్ని వదిలి వెచ్చటి ఒంటి కోసం వెతుక్కుంటాయి. చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తి పారేసేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. గట్టు మీది గడ్డిపొదల్లో వుండే ఎర్రటి చిగ్గర్ నల్లి ఇంకో రకం. దాని పిల్లదశ మాత్రమే ఎలుకనో మనిషినో కుడుతుంది, స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని అంటిస్తుంది. కుట్టిన చోట కొందరికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. మన రాష్ట్రంలోనూ ఈ జ్వరం వుంది.

రక్తం చుక్క గాజుపలక మీద వేసి చూస్తే ఎర్రకణాల మధ్య పాములా మెలికలు తిరిగే సూక్ష్మజీవి కొన్నిసార్లు కనబడుతుంది. 1878లో కలకత్తాలో తిమోతీ లూయిస్ ఎలుకల రక్తంలో దీన్ని చూశాడు, అందుకే దాని పేరు ట్రిపనోసోమా లూయిసై. ఎలుకకు దానివల్ల పెద్ద నష్టం లేదు, కొద్దివారాల్లో వదిలించుకుంటుంది.

కాలేయం దగ్గరకు వచ్చినప్పుడు నేను ఎంతసేపైనా ఆగిపోతాను. శనగగింజంత తెల్లటి తిత్తులు కనబడతాయి. సూదితో విప్పితే లోపల చుట్టచుట్టుకుని పడుకున్న రిబ్బను. అది పిల్లిలో పెరగవలసిన బద్దెపురుగు పిల్ల. పిల్లి మలంతో పడ్డ గుడ్డును ఎలుక గడ్డితోనో గింజతోనో మింగింది, ఇప్పుడు ఆ పిల్ల తనను మోస్తున్న ఎలుకను పిల్లి ఎప్పుడు పడుతుందా అని కాచుకుని కూర్చుంది. అదే కాలేయం మీద పసుపుపచ్చ చారలుంటే అది కాపిల్లేరియా. దీని తంతు మరీ విచిత్రం. తల్లిపురుగు గుడ్లన్నీ కాలేయంలోనే పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్లకు బయటకు దారి లేదు. ఎలుక చచ్చి కుళ్లాలి, లేదా దాన్ని ఏదో జంతువు తిని విసర్జించాలి. మట్టిలో పడి గాలి తగిలాకే గుడ్డు పక్వమవుతుంది. అంటే ఈ పురుగు తన ఇల్లు కూలితే గాని బయటి ప్రపంచం చూడదు.

ఊపిరితిత్తుల రక్తనాళాల్లో సన్నని దారాల్లాంటి పురుగు ఇంకొకటి వుంటుంది, ఆంజియోస్ట్రాంగైలస్. 1935లో చైనాలోని కాంటన్ ఎలుకల్లో చెన్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. దీని పిల్లలు ఎలుక గొంతులోకి ఎక్కి, మింగబడి, మలంతో బయటపడి నత్తలో చేరతాయి. నత్తను తిన్న ఎలుకలో చక్రం పూర్తవుతుంది. పొరపాటున మనిషి కడుపులో పడితే మెదడు దాకా పోయి మెనింజైటిస్ తెస్తుంది. కేరళలో మనుషుల్లో ఈ జబ్బు బయటపడింది. నత్తల మీద ఆధారపడే మరో జాతి రక్తపు పురుగులు, షిస్టోసోమాలు. వీటి పిల్లలు నత్త నుంచి నీళ్లలోకి వచ్చి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. షిస్టోసోమా ఇన్‌కాగ్నిటమ్ అనేది పందులకూ కుక్కలకూ ఎలుకలకూ వస్తుంది. 1926లో ఛాండ్లర్ దీని గుడ్లను చూశాడు గాని ఏ జంతువుదో అప్పటికి తేలక "అజ్ఞాతవాసి" అని అర్థమొచ్చే పేరు పెట్టాడు. మన పశువులకు ముక్కులో గురకరోగం తెచ్చేది దీని దాయాదే. చెరువులో దిగి వచ్చాక కాళ్లు దురద పెడితే మన అమ్మమ్మలు "నీరు పడలేదు" అంటారు. పశువులవో పక్షులవో పురుగుపిల్లలు దారి తప్పి మన చర్మంలో దూరి చచ్చినా ఆ దురద వస్తుంది.

పేగులో ఇంకా పెద్ద సంత. హైమెనోలెపిస్ అనే బద్దెపురుగు ఎలుకకు పిండిపురుగుల ద్వారా వస్తుంది, కాబట్టి అది ధాన్యం నిల్వ వున్నదని చెప్పే సాక్షి. మోనిలిఫార్మిస్ అనే ముళ్లతల పురుగు బొద్దింకల ద్వారా వస్తుంది. 1888లో కలాండ్రూచియో అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు దీని పిల్లలను స్వయంగా మింగి, తన కడుపునొప్పిని తనే వర్ణించి ప్రకటించాడు. సైన్సు కోసం ఇంత త్యాగం మా బ్యాచిలో ఎవరి వల్లా కాదని సవినయంగా తెలియజేస్తున్నాను.

ఇన్ని వున్నాయి సరే, ఇవి ఒకదాని జోలికి ఒకటి పోకుండా వుంటాయా? వుండవు. దీనికి రుజువు 1961లో జాన్ హోమ్స్ చూపించాడు. పైన చెప్పిన బద్దెపురుగును ఒక ఎలుకలో, ముళ్లతల పురుగును ఇంకో ఎలుకలో విడివిడిగా పెంచాడు. రెండూ పేగు ముందు భాగంలోనే స్థిరపడ్డాయి, పిండిపదార్థం దండిగా దొరికేది అక్కడే. రెండింటినీ ఒకే ఎలుకలో పెట్టేసరికి ముళ్లతలది కదలలేదు, బద్దెపురుగు వెనక్కి జరిగింది, చిన్నదైపోయింది కూడా. ఇది చదివి చిన్నాయనకు చెబితే, "తూము మొదటి మడోనికి నీళ్లు, కొసమడోనికి బురద. ఇది చెప్పనీకి అమెరికా పోవాల్నా?" అన్నాడు. పారాసైటాలజీలో ఇంతకన్నా మంచి ఉపమానం నేను వినలేదు. ఆయకట్టులో లాగే పేగులోనూ మొదటివాడు, కొసవాడు వున్నారు. కలిసి వుండే ఈ పురుగులన్నిటినీ కలిపి పరాన్నజీవుల సముదాయం అంటాం. విడివిడి అధ్యాయాల్లో దొరకనిది ఇదే.

మరో సంగతి. పురుగులు ఎలుకలందరికీ సమానంగా పంచబడవు. ఎక్కువ ఎలుకల్లో ఏమీ వుండవు, వున్నా ఒకటో రెండో. కొద్ది ఎలుకల్లో మాత్రం కుప్పలు. క్రాఫ్టన్ 1971లో దీన్ని గణితసూత్రంలో పెట్టాడు. అందుచేత పది ఎలుకలను చూసి "మా ఊళ్లో ఏమీ లేదు" అనుకోవడం, ఒక్కదాన్ని చూసి బెంబేలెత్తడం రెండూ తప్పే.

ఇప్పుడు చిన్నాయన దగ్గరకు తిరిగి వస్తాను. ఆయనను పట్టింది పురుగు కాదు, లెప్టోస్పైరా అనే సన్నని మరమేకు ఆకారపు బాక్టీరియా. మా సిలబస్సులో పురుగులు మావి, బాక్టీరియా మైక్రోబయాలజీ వాళ్లవి అని గోడ కట్టి వుంది. పందికొక్కుకు ఆ గోడ తెలియదు. ఈ సూక్ష్మజీవి దాని మూత్రపిండాల నాళికల్లో కాపురం పెడుతుంది. ఎలుకకు జ్వరం రాదు, నీరసం రాదు, నెలల తరబడి మూత్రంతో వదులుతూనే వుంటుంది. ఆమ్లం లేని తడిమట్టిలో, నిలిచిన నీటిలో అది వారాల తరబడి బతుకుతుంది. పగిలిన మడమ, కొడవలి గాటు, నానిన చర్మం, కన్ను, ముక్కు, నోరు ఏదైనా దానికి వాకిలే. జర్మనీలో వైల్ 1886లో ఈ జబ్బును వర్ణించాడు. 1915 ప్రాంతంలో జపానులో ఇనాడా, ఇడో మొదలైనవారు కారణాన్ని పట్టుకున్నారు, ఎలుక మోస్తోందని కూడా వాళ్ల దేశంలోనే తేలింది. మన దేశంలో 1931లో అండమాన్‌లో టేలర్, గోయల్ దీన్ని గుర్తించారు. అంటే చిన్నాయనకు జ్వరం వచ్చేనాటికి దీని సంగతి తెలిసి నూరేళ్లు దాటింది. మందులు కూడా అరుదైనవి కావు, మొదటి రోజుల్లో పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మామూలు మందులే పనిచేస్తాయి. మా చిన్నాయన మాత్రం పసరు చుట్టూ, లివర్ పరీక్షల చుట్టూ తిరిగి డయాలసిస్ మీదికి వచ్చాడు. బతికాడు. కిడ్నీలు మునుపటిలా లేవు. బస్తా ఎత్తడం మానేశాడు.

బూట్లు వేసుకుని దిగమని డాక్టర్లు చెప్పడం తేలిక. మోకాలిలోతు బురదలో గంబూటు దిగబడిపోయి కాలు మాత్రం పైకి వస్తుంది, నేను ప్రయత్నించి చూశాను. చేయగలిగింది మరొకటుంది. పగుళ్లకూ గాట్లకూ తడి తగలకుండా కట్టు, పని కాగానే సబ్బుతో కడుక్కోవడం, అన్నిటికంటే ముఖ్యంగా జ్వరంతో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆయన అడగకపోయినా "నేను మడిలో దిగాను, మురికినీళ్లలో నడిచాను" అని చెప్పడం.

మురికినీళ్లు అన్నానా? ఇక్కడ అల్వాల్ సంగతి వస్తుంది. మా నాయన చిన్నప్పుడు మా ఇంటి వెనక వరి పండేదట. 2007లో అల్వాల్ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. నాకు ఊహ తెలిసేసరికి శిఖం భూముల్లో ఇళ్లు లేచాయి, కాలువలు డ్రైనేజీలయ్యాయి. వరి పోతే పందికొక్కు పోతుందని అనుకుంటాం. అది పోలేదు. కలకత్తా గోదాముల్లో ఇదే జాతి ఎంత హాయిగా స్థిరపడిందో 1960లలోనే స్పిలెట్ అనే ఆయన అక్కడ వుండి పరిశీలించి రాశాడు. గట్టు లేకపోతే ప్రహరీగోడ పునాది, వరికంకి లేకపోతే చెత్తకుండీ.

కాని దాని కడుపులోని సముదాయం మాత్రం మారక తప్పదు. ఒక్కో పురుగు జీవితచక్రం ముందేసుకుని ఆలోచించండి. నత్త కావలసినవి నత్త పోయిన చోట నిలవలేవు. గుర్రపుడెక్క కమ్మిన మురికి చెరువులో కొన్ని మొండినత్తలుంటాయి గనక అక్కడ కొన్ని మిగలవచ్చు. గడ్డిపొద నల్లికి గడ్డి కావాలి. బొద్దింకతో నడిచేదానికి మన మ్యాన్‌హోళ్లు స్వర్గం. పిండిపురుగుతో నడిచేదానికి కిరాణాకొట్టు చాలు. పిల్లితో నడిచేదానికి కాలనీ నిండా పిల్లులే. లెప్టోస్పైరాకు తడి వుంటే చాలు, అది చెరువుదా డ్రైనేజీదా అని అడగదు. చెరువును పూడ్చితే పోయేవి ముఖ్యంగా నత్తలతో ముడిపడ్డవి, మిగిలేవి మన వంటింటికీ వీధికీ దగ్గరివి. 2020 అక్టోబరులో కుండపోత కురిసి హైదరాబాదు కాలనీలు నడుములోతు మునిగినప్పుడు, ఆ నీళ్లలో చెప్పుల్లేకుండా నడిచిన వాళ్లెవరూ రైతులు కారు. వాళ్లను ఏ డాక్టరూ "మడిలో దిగావా" అని అడగడు.

శామీర్‌పేట పక్కనే తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ వుంది. అక్కడి ప్రయోగశాలల్లో తెల్ల ఎలుకలను ఏ పరాన్నజీవీ సోకకుండా వడకట్టిన గాలిలో పెంచుతారు. ఆ గోడ బయట గట్టు మీద పందికొక్కు సకల పరివారంతో తిరుగుతుంటుంది. రెండూ ఎలుకలే.

మొన్న సెలవులకు ఇంటికి పోయినప్పుడు పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా పిలిచింది. "బిడ్డా, నువ్వు ఎలుకల సదువు సదువుతున్నవంట గదా. సంపుల ఒకటి పడి సచ్చింది, జర తీసిపో." గ్లౌజులు తొడుక్కుని బకెట్టుతో తీశాను. పందికొక్కే. నీళ్లన్నీ తోడించి సంపు గోడలు బ్లీచింగుతో కడిగించాను. వాళ్లు రెండు రోజులుగా అవే నీళ్లతో స్నానాలు చేస్తున్నారు. ఎవరికైనా జ్వరం తగిలితే ఈ సంగతి డాక్టరుకు చెప్పమని చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను. ఎలుకను డిపార్టుమెంటుకు తీసుకుపోయి మాస్టారి ముందు తెరిచాను. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. కాలేయంలో పిల్లి తాలూకు తిత్తులు మూడు. పేగు ముందు భాగంలో, మొదటి మడిలో, తెల్లగా గీతలు పడ్డ ముళ్లతల పురుగొకటి గోడ పట్టుకుని వుంది.

పెద్దమ్మ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ జ్వరం రాలేదు. చీటీ ఫ్రిజ్ మీద ఇంకా వుంది.